ఆ చోట పులిపిర్లకు క్రీమ్ ఎలా వాడాలి: మందుల షాపు కౌంటర్ వెనక నుంచి

రాత్రి పదింటికి షట్టర్ సగం దించాక వచ్చేవాళ్లు కొందరుంటారు. బండి కాస్త దూరంలో ఆపుతారు. షాపులో ఇంకెవరూ లేరని చూసుకుని, "గురువుగారూ, పులిపిర్లకు ఆయింట్‌మెంట్ ఏమైనా ఉందా" అంటారు. ఎక్కడున్నాయని అడిగితే ముందు మెడ మీద అంటారు, లేదా చెయ్యి చూపిస్తారు. నేను తొందరపెట్టకుండా ఉంటే కాసేపటికి అసలు చోటు, మర్మాంగాల దగ్గరని, చెబుతారు. ఆడవాళ్లు ఆ మాత్రం కూడా అడగరు, కాగితం మీద రాసుకొచ్చి కౌంటర్ మీద పెడతారు. విశాఖలో ఫార్మసిస్టుగా పదిహేనేళ్లలో ఈ మాటలు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

వాళ్లలో చాలామంది నెల తిరక్కుండానే "మందు పనిచేయలేదు" అని మళ్లీ వస్తారు. ఎలా రాశారని అడిగితే కథ దాదాపు ఒకటే. త్వరగా పోవాలని రోజూ రాశారు, మందంగా రాశారు, చర్మం ఒలిచినట్టై మంట పుట్టింది, భయపడి మానేశారు. వీటికి డాక్టర్లు ఎక్కువగా రాసే ఇమిక్విమాడ్ క్రీముకు రాసే రోజులు ఎంత ముఖ్యమో, రాయకుండా వదిలే రోజులూ అంతే ముఖ్యం. అది కౌంటర్ దగ్గర రెండు నిమిషాల్లో చెబితే ఎక్కదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఒకసారి చూపించుకోండి

మర్మాంగాల దగ్గర, మలద్వారం చుట్టూ వచ్చే పులిపిర్లకు కారణం హెచ్‌పీవీ అనే వైరస్. ఇందులో రెండు వందలకు పైగా రకాలున్నాయి. ఈ చోట వచ్చే పులిపిర్లలో పదింట తొమ్మిదింటికి 6, 11 రకాలే కారణం. ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఎక్కువగా కారణమయ్యేవి 16, 18 రకాలు. ఆ తేడా తెలిస్తే సగం భయం తగ్గుతుంది. పులిపిర్లు కనిపించాయి కాబట్టి క్యాన్సర్ వస్తుందని నిద్ర మానుకోనక్కర్లేదు.

ఇవి మెత్తగా, ఒంటి రంగులోనో కాస్త ముదురుగానో ఒకటి రెండుగా మొదలవుతాయి. వదిలేస్తే కొన్నిసార్లు కాలీఫ్లవర్ పువ్వులా గుత్తి కడతాయి. నొప్పి సాధారణంగా ఉండదు, కొందరికి దురద ఉంటుంది. అయితే ఆ చోట కనిపించే ప్రతి బుడిపె పులిపిరి కాదు. మగవాళ్లలో అంగం శిరస్సు అంచున ముత్యాలు గుచ్చినట్టు వరుసగా ఉండే చిన్న బుడిపెలు యుక్తవయసులో సహజంగా వచ్చే ఒంటి తీరే, వాటికి మందు అక్కర్లేదు. వాటిని చూసుకుని బెంబేలెత్తి వచ్చే కుర్రాళ్లు చాలామంది. పొక్కు నడుమ సూదితో నొక్కినట్టు గుంట ఉంటే అది మొలస్కం అనే వేరే వైరస్ పని. తడిగా, వెడల్పుగా, బల్లపరుపుగా ఉన్నవైతే సిఫిలిస్ రెండో దశ కావచ్చు. మన పెద్దవాళ్లు సవాయి అనేది దీన్నే. దానికి పెన్సిలిన్ ఇంజెక్షన్ కావాలి. పులిపిరి అనుకుని నాలుగు నెలలు క్రీమ్ రాస్తూ కూర్చుంటే ఆ జబ్బు లోపల్లోపలే ముదురుతుంది.

కాబట్టి మొదటి పని క్రీమ్ కొనడం కాదు, చర్మవ్యాధుల డాక్టరుకు చూపించుకోవడం. మహారాణిపేటలోని కేజీహెచ్, మనమంతా పెద్దాసుపత్రి అనే చోట, చర్మ, సుఖవ్యాధుల విభాగం ఉంది. ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు "చర్మం డాక్టరు" అంటే చాలు, మిగతాది లోపల చెప్పుకోవచ్చు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుఖవ్యాధులకు సురక్ష క్లినిక్‌లు నడుస్తాయి. అక్కడ పరీక్ష, కౌన్సెలింగ్ ఉచితం. మాట్లాడటానికే గొంతు పెగలకపోతే ముందు ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు. ఆడవాళ్లు గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లడమే మంచిది, ఎందుకంటే కంటికి కనబడని లోపలి భాగాలు కూడా చూడాలి. పాత ఊళ్లోని ఘోషా ఆసుపత్రి చాలామందికి తెలిసిందే.

డాక్టరు అడగకపోయినా మీరే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. గర్భంతో ఉన్నారా, ఉండే అవకాశం ఉందా, షుగర్ ఉందా, హెచ్ఐవీ ఉందా, అవయవ మార్పిడి తర్వాత వాడే మందుల్లాంటివి ఏమైనా వేసుకుంటున్నారా. రోగనిరోధక శక్తి తగ్గిన ఒంట్లో పులిపిర్లు పెద్దవవుతాయి, తొందరగా లొంగవు. హెచ్ఐవీ, సిఫిలిస్‌ రక్తపరీక్షలు రాస్తే మీ మీద అనుమానంతో అనుకోకండి. సుఖవ్యాధి ఒకటి కనబడితే మిగతావి కూడా చూడటం మంచి వైద్యం.

ఈలోగా వీటి జోలికి పోకండి

సున్నం, సోడా కలిపి పులిపిరి మీద పెట్టడం మన ఊళ్లలో పాత అలవాటు. జిల్లేడు పాలు, జీడిగింజ రసం కూడా అంతే. చేతి మీది మొద్దు చర్మమే వీటికి బొబ్బలెక్కుతుంది, ఇక ఆ చోట చర్మం కాగితమంత పలచన. సున్నం పెట్టుకుని, నడవలేక కాళ్లు ఎడంగా వేసుకుంటూ వచ్చిన ఒక ఆటో డ్రైవర్‌ను నేను చూశాను. పులిపిర్లు అలాగే ఉన్నాయి, చుట్టూ చర్మం కాలిపోయింది. అతన్ని ఆ రాత్రే ఆసుపత్రికి పంపాను.

షాపుల్లో దొరికే వాటిలో మూడింటి గురించి చెప్పాలి. కాళ్ల ఆనెలకు, చేతి పులిపిర్లకు అమ్మే శాలిసిలిక్ యాసిడ్ ద్రావణం ఈ చోటికి పనికిరాదు. తామరకు రాసుకునే మిశ్రమ క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది అక్కడి రోగనిరోధక శక్తిని అణిచి వైరస్‌కు దారి సుగమం చేస్తుంది, చర్మాన్ని ఇంకా పలచన చేస్తుంది. మూడోది 20 శాతం పొడోఫిల్లిన్ ద్రావణం. హిమాలయాల్లో పెరిగే ఒక మొక్క వేరు నుంచి తీసే బంక అది. దాన్ని డాక్టరు తన చేత్తో పూసి, కొన్ని గంటల్లో కడిగేయమని చెప్పే మందు. ఇంటికి తీసుకెళ్లి రోజూ పూసుకునేది కాదు. మా వృత్తిలోని వాళ్లే కొందరు దీన్ని చీటీ లేకుండా అమ్మేస్తున్నారు, అది తప్పని పేరు పెట్టకుండానైనా ఇక్కడ చెప్పాలి.

ఏ క్రీమ్, ఎలా పనిచేస్తుంది

ఇంట్లో రాసుకోవడానికి డాక్టర్లు ఎక్కువగా రాసేది ఇమిక్విమాడ్ 5 శాతం క్రీమ్. అమెరికాలో 1997లో దీనికి అనుమతి వచ్చింది. ఇది పులిపిరిని కాల్చదు, కరిగించదు. ఆ చోట చర్మంలోని రోగనిరోధక వ్యవస్థను తట్టి లేపుతుంది. అప్పుడు ఇంటర్‌ఫెరాన్ లాంటి రసాయనాలు తయారై, వైరస్ పట్టిన కణాలను మన ఒళ్లే తొలగిస్తుంది. ఆ పని జరగడానికి వారాలు పడుతుంది. ఎక్కువ రాసినంత మాత్రాన త్వరగా జరగదు, ఎర్రదనం, పుండు మాత్రం ఎక్కువవుతాయి. ఈ ఒక్క సంగతి మనసుకు పట్టించుకుంటే మిగతా సూచనలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

రెండోది పొడోఫిల్లోటాక్సిన్, ఇందాక చెప్పిన మొక్క నుంచే శుద్ధి చేసి తీసినది. ఇది కణాల విభజనను ఆపి పులిపిరిని ఎండగడుతుంది. 0.5 శాతం ద్రావణమైతే పొద్దునా రాత్రీ కలిపి రోజుకు రెండుసార్లు, వరుసగా మూడు రోజులు రాసి నాలుగు రోజులు ఆపాలి. అది ఒక విడత. నాలుగు విడతలకు మించి డాక్టరును అడగకుండా పోకూడదు. పులిపిరి మీద మాత్రమే పడాలి కాబట్టి దూదిపుల్లతో అద్ది, ఆరేదాకా ఆగి అప్పుడు బట్ట వేసుకోవాలి. గర్భిణులు ఇది వాడనే కూడదు.

ఈ రెండింటిలో మీకేది అన్నది పులిపిర్ల సంఖ్య, చోటు, మీ ఓపిక చూసి డాక్టరు చెబుతారు. యోని లోపల, మలద్వారం లోపల, మూత్రనాళంలో ఉన్నవాటికి ఇంట్లో రాసుకునే క్రీమ్ పనికిరాదు. గర్భంతో ఉన్నప్పుడు సాధారణంగా చల్లటి ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం లాంటి పద్ధతులు ఎంచుకుంటారు. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా ఇమిక్విమాడ్ గురించే, ఎందుకంటే తప్పులన్నీ దీని దగ్గరే ఎక్కువ జరుగుతున్నాయి.

మొదటి రాత్రి

ఈ క్రీమ్ చాలావరకు షాంపూ పొట్లాల్లాంటి చిన్న ప్యాకెట్లలో వస్తుంది. ఒక్కో ప్యాకెట్ ఒక్క రాత్రికే. పులిపిర్లు కొన్నే ఉంటే అందులో సగం కూడా పట్టదు, మిగిలింది పారేయండి. "డబ్బులు పోసి కొన్నాం కదా" అని ఉన్నదంతా పూయకండి, చింపిన ప్యాకెట్‌ను మడిచి మరునాటికి దాచకండి.

పడుకోబోయే ముందు స్నానం చేయండి. మన ఊరి ఉక్కపోత సంగతి తెలిసిందే, చెమట మీద క్రీమ్ పెడితే అది జారి తొడల మధ్యకు చేరి అక్కడ మంట పెడుతుంది. ఆ చోటును మామూలు సబ్బుతో, నీళ్లతో కడిగి మెత్తటి తువ్వాలుతో అద్ది, ఫ్యాన్ కింద బాగా ఆరనివ్వండి. చేతులు కడుక్కోండి. అద్దం, టార్చి దగ్గర పెట్టుకుని పులిపిర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో మొదటిసారి శ్రద్ధగా చూసుకోండి. ఎన్ని ఉన్నాయో మీకు మాత్రమే అర్థమయ్యేలా రాసుకుంటే తర్వాత తగ్గుతున్నాయో లేదో ఊహల మీద ఆధారపడనక్కర్లేదు.

వేలి కొన మీద కందిగింజంత క్రీమ్ తీసుకుని ఒక్కో పులిపిరి మీద పలచగా రాసి, తెల్లదనం కనబడకుండా ఇంకేదాకా మెల్లగా రుద్దండి. రాశాక తెల్లటి పొర మిగిలిందంటే ఎక్కువ తీసుకున్నట్టే. అంగం మీద ముందు చర్మం ఉన్న మగవాళ్లకు దాని కింద పులిపిర్లుంటే, చర్మం వెనక్కి లాగి శుభ్రం చేసి రాసి, మళ్లీ ముందుకు తెచ్చేయాలి. వెనక్కి లాగి అలాగే వదిలితే వాపు వచ్చి ఇరుక్కుపోతుంది. ఆ భాగం రోజూ కడగాలి.

పైన ప్లాస్టర్ గానీ, ప్లాస్టిక్ గానీ కట్టకండి. వదులుగా ఉండే నూలు లోదుస్తు చాలు, లుంగీ అయితే ఇంకా మంచిది. చేతులు మళ్లీ సబ్బుతో కడుక్కోండి, ఆ వేళ్లు కంటికి తగలకూడదు. ఆరు నుంచి పది గంటల తర్వాత సబ్బు, నీళ్లతో కడిగేయాలి. రాత్రి పదికి రాస్తే పొద్దున ఆరు, ఏడు గంటలకు స్నానంలో పోతుంది.

సోమ, బుధ, శుక్ర

వారానికి మూడు రాత్రులు, రాత్రికీ రాత్రికీ నడుమ కనీసం ఒక రోజు ఖాళీ. సోమ, బుధ, శుక్ర అనుకుంటే గుర్తుంచుకోవడం తేలిక, శని, ఆదివారాల్లో చర్మానికి విశ్రాంతి దొరుకుతుంది. గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో ఆ రోజుల కింద పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టండి. ఇంట్లో ఎవరు చూసినా పాలవాడి లెక్క అనుకుంటారు. స్టీల్ ప్లాంట్‌లో, పోర్టులో రాత్రి షిఫ్ట్ చేసి పొద్దున ఇంటికొచ్చి పడుకునేవాళ్లు ఎప్పుడు రాయాలని అడుగుతుంటారు. మీరు ఎప్పుడు పడుకుంటే అప్పుడే మీకు రాత్రి. పొద్దున ఎనిమిదికి రాసి, మధ్యాహ్నం మూడింటికి లేచాక కడుక్కోండి. రాసుకుని డ్యూటీకి వెళ్లి, చెమటలో, రాపిడిలో ఎనిమిది గంటలు తిరగడం మాత్రం వద్దు.

ఒక రాత్రి మరిచిపోతే గుర్తొచ్చిన రాత్రి రాసి, అక్కడి నుంచి ఒక రోజు ఎడం పెట్టుకుంటూ మామూలుగా సాగండి. పోయినదానికి కలిపి రెండింతలు రాయకండి.

పులిపిర్లు పూర్తిగా పోయేదాకా రాయాలి, కానీ 16 వారాలు దాటకూడదు. లెక్క వేస్తే గరిష్ఠంగా 48 ప్యాకెట్లు. అన్నీ ఒకేసారి కొనకండి, నెలకు పన్నెండు చొప్పున తీసుకోండి. ఎనిమిదో వారానికే పోయినవాళ్లున్నారు, మధ్యలో డాక్టరు పద్ధతి మార్చినవాళ్లూ ఉన్నారు. ఎండ తగిలే కిటికీ దగ్గర, ఫ్రీజర్‌లో దాచకండి.

ఈ మందు అనుమతికి ముందు జరిగిన పరీక్షలో ఆడవాళ్లలో 72 శాతం మందికి, మగవాళ్లలో మూడో వంతు మందికి పులిపిర్లు పూర్తిగా పోయాయి. పోయినవాళ్లకు సగటున పట్టిన కాలం పది వారాల దగ్గర. నాలుగో వారానికి తేడా కనబడలేదని ఆపేసేవాళ్లకు ఈ అంకె చెబుతుంటాను. మగవాళ్లు ఇంకాస్త ఓపిక పట్టాలి.

ఎర్రబడితే

రెండో వారానికో మూడో వారానికో రాసిన చోట ఎర్రబడుతుంది, దురద పెడుతుంది, పొట్టు లేస్తుంది, చిన్నగా ఒరిపిడి పుండు కూడా పడొచ్చు. ఒళ్లు వైరస్ మీద పోరాటం మొదలుపెట్టిన గుర్తు అది. కూర్చోవడం, నడవడం మామూలుగా సాగుతుంటే కొనసాగించండి. మంట నిద్ర పట్టనివ్వకపోయినా, చర్మం పచ్చిగా తేలి రసి కారినా క్రీమ్ కడిగేసి కొన్ని రోజులు ఆపండి. తగ్గాక డాక్టరుతో మాట్లాడి అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఈ విరామం తీసుకుంటే చికిత్స చెడిపోదు. పుండు మీదే మొండిగా రాసేవాళ్లే చివరికి భయపడి శాశ్వతంగా మానేస్తారు.

విరామంలో చల్లటి నీళ్లతో కడుక్కోవడం, వాసన లేని తెల్ల వాజిలీన్ పలచగా రాయడం సరిపోతుంది. డెటాల్, స్పిరిట్, పౌడర్ వద్దు. కొందరికి జ్వరం, ఒళ్లునొప్పులు, నీరసం ఫ్లూ వచ్చినట్టు ఉంటాయి. అప్పుడు కూడా ఆపి డాక్టరుకు చెప్పండి. నయమయ్యాక ఆ చోట రంగు తేలిపోయి మచ్చగా కనబడొచ్చు, కొందరికి అది ఉండిపోతుంది కూడా. ముందే తెలిస్తే బొల్లి వచ్చిందని హడలిపోరు.

ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. ఆడవాళ్లకు వాపు వల్ల మూత్రం పోవడం కష్టమైనా, పులిపిరి గట్టిపడి నెత్తురు కారినా, నల్లబడినా, మానని పుండైనా, మందు వాడుతుండగానే వేగంగా పెరిగినా ఒక్క రోజు కూడా ఆగకండి.

ఆ చోట వెంట్రుకలు ఈ నెలల్లో బ్లేడుతో గీయకండి. గీతలు పడ్డ చోటల్లా వైరస్ కొత్తగా పాదుకుంటుంది. మరీ అవసరమైతే కత్తెరతో కత్తిరించుకోండి.

ఇంట్లో ఎలా చెప్పాలి

క్రీమ్ ఒంటి మీద ఉన్న రాత్రి కలయిక వద్దు. కండోమ్ ఉందిగా అనుకోకండి, ఈ క్రీమ్‌లోని నూనె లేటెక్స్ కండోమ్‌ను బలహీనం చేస్తుంది. పులిపిర్లు ఉన్నన్నాళ్లూ దూరంగా ఉండటమే మంచిది. కండోమ్ వైరస్ అంటుకునే ప్రమాదాన్ని తగ్గిస్తుంది గానీ, అది కప్పని చర్మం ద్వారా కూడా వైరస్ అంటుతుంది.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న భార్యకో భర్తకో ఎలా చెప్పాలన్నది. "ఎవరి దగ్గర తెచ్చుకున్నావు" అన్న ఒక్క మాటతో కాపురాలు కూలేదాకా వెళ్లడం నేను చూశాను. ఆ మాట అనేముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఈ వైరస్ ఒంట్లో చేరాక పులిపిరి బయటపడటానికి సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఏ గుర్తూ లేకుండా ఉండిపోతుంది. పెళ్లికి ముందెప్పుడో చేరింది ఇప్పుడు బయటపడి ఉండొచ్చు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తేల్చే పరీక్ష లేదు. కాబట్టి చెప్పేటప్పుడు, "నాకు ఇలా వచ్చింది, డాక్టరుకు చూపించాను, నువ్వు కూడా ఒకసారి చూపించుకో" అని మొదలుపెట్టండి. కుదిరితే డాక్టరు గదిలోనే ఇద్దరూ కలిసి వినండి. ముప్పై దాటిన ఆడవాళ్లు పులిపిర్లు ఉన్నా లేకపోయినా గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకుంటూ ఉండాలి.

పోయాక, పోకపోతే

16 వారాలకు కూడా పోకపోతే మీ తప్పు కాదు. ద్రవ నైట్రోజన్, కాటరీ (కరెంటు వేడితో కాల్చి తీయడం), డాక్టరు పూసే ట్రైక్లోరోఅసిటిక్ యాసిడ్, లేజర్ ఉన్నాయి. కొందరికి ముందు పెద్దవి కాటరీతో తీసి, మిగతావాటికి క్రీమ్ రాస్తారు.

వ్యాక్సిన్ గురించి కూడా చాలామంది అడుగుతారు. నాలుగు రకాల హెచ్‌పీవీ వైరస్‌ల మీద పనిచేసే వ్యాక్సిన్లు 6, 11 రకాలను కూడా అడ్డుకుంటాయి. మన దేశంలో తయారైన సెర్వావాక్ అలాంటిదే, తొమ్మిది రకాల మీద పనిచేసే వ్యాక్సిన్ కూడా అంతే. 16, 18 రకాల మీద మాత్రమే పనిచేసే వ్యాక్సిన్ పులిపిర్లను ఆపదు, కొనేటప్పుడు అడిగి చూసుకోండి. 9 నుంచి 14 ఏళ్ల పిల్లలకు రెండు డోసులు, 15 దాటితే మూడు. ఉన్న పులిపిర్లను వ్యాక్సిన్ మాన్పదు. మీ పిల్లల కోసం అడగండి, ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ.

పులిపిర్లు పోయిన తర్వాత మొదటి మూడు నెలల్లో తిరిగి రావడం మామూలే. చర్మం కింద మిగిలిన వైరస్ మళ్లీ తలెత్తుతుంది. ఆ మూడు నెలలూ నెలకోసారి అదే అద్దం, అదే టార్చితో చూసుకోండి. బియ్యపు గింజంత కొత్తది కనబడినా, మిగిలిన పాత ప్యాకెట్ చింపకుండా డాక్టరుకు చూపించండి. అంత చిన్నగా ఉన్నప్పుడు వెళ్తే ద్రవ నైట్రోజన్ ఒకటి రెండు సార్లు పెట్టించుకున్నా సరిపోవచ్చు.